పట్టి వదిలేస్తే చేప బతికినట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో వేసవి సెలవులు ఎలా గడపవచ్చో చెబుతూ మీ ఆదివారం సంచికలో ఫ్లై ఫిషింగ్‌కు, అంటే పురుగు బొమ్మ ఎరతో చేపలు పట్టే ఆటకు, పేజీన్నర కేటాయించారు. మన తెలుగు కుటుంబాలు ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లి, కారు అద్దంలోంచి బైసన్ల ఫొటో తీసుకుని తిరిగొచ్చేయకుండా నదిలో కాలు పెడుతున్నాయంటే మంచిదే. ఖర్చులు, వసతుల వివరాలు కూడా వ్యాసంలో బాగానే ఇచ్చారు. నా ఇబ్బందల్లా దాని పక్కన వేసిన ఫొటోతో.

అందులో ఒక కుర్రాడు రెయిన్‌బో ట్రౌట్ అనే చల్లనీటి చేపను ఛాతీ ఎత్తున పట్టుకుని నవ్వుతున్నాడు. చేప అడుగున్నర పొడవుంటుంది. ఎడమ చెయ్యి తోక దగ్గర ఉంది, కుడి చేతి వేళ్లు మొప్పల వెనక గట్టిగా బిగించి ఉన్నాయి. చేప పొట్టకు ఇసుక, రెండు ఎండు గడ్డిపరకలు అంటుకున్నాయి. అంటే అంతకుముందు అది ఒడ్డున పడి కొట్టుకుందన్నమాట. చేతుల మీద తడి జాడ లేదు. మనిషి నీడ కాళ్ల దగ్గరే ముడుచుకుంది కాబట్టి వేళ మిట్టమధ్యాహ్నం. కింద ‘పట్టి, క్షేమంగా నదిలో వదిలేశారు’ అని రాశారు. ఆ చేప మర్నాటికి బతికి ఉందని నేనైతే పందెం కాయను.

కుర్రాడిని తప్పుపట్టడం లేదు. ఫ్లై ఫిషింగ్‌కు జనాదరణ పెరిగిన కొద్దీ అందులో ‘బాగా ఆడటం’ అంటే ఏమిటన్నదే మారిపోయింది. నదిని చదివి చేపను ఏమార్చడం ఒకప్పటి గొప్ప. ఇప్పుడు ఎన్ని పట్టారు, ఎంత పొడవు, ఫొటో ఏదీ అని అడుగుతున్నారు. నదులకు జరుగుతున్న నష్టంలో చాలాభాగం ఈ మార్పు నుంచే వస్తోంది. కొత్తగా మొదలుపెట్టే తెలుగువారికి ఆ సంగతి ముందే తెలిస్తే మేలని ఈ ఉత్తరం.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. మన దగ్గర గాలం అంటే కొక్కేనికి వానపామునో కప్పపిల్లనో గుచ్చి, బెండు కట్టి, చెరువు గట్టున కూర్చోవడం. అక్కడ ఎర బరువో, సీసం గుండు బరువో దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువే ఉండదు. చిన్న కొక్కెం మీద ఈకలు, వెంట్రుకలు చుట్టి చేసిన పురుగు బొమ్మ అది. బరువంతా ప్లాస్టిక్ పూత వేసిన లైనుదే. ఆ లైను సుమారు 90 అడుగులుంటుంది. దాని చివర తొమ్మిదడుగుల సన్నని లీడర్, ఆ చివర ఇంకా సన్నని టిప్పెట్, దానికి ఫ్లై కడతారు. ట్రౌట్‌కు ఎక్కువమంది వాడేది తొమ్మిదడుగుల ఐదో నంబరు రాడ్. లైనును వెనక్కి విసిరి, అది పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వెయ్యాలి. ఆ ఆగడం రాకపోతే వెనక ‘చట్’ మని చప్పుడవుతుంది, ఫ్లై తెగిపోతుంది.

చెయ్యి తిరగడం ఇందులో సగమే. తొలకరి పడ్డ రాత్రి మన ఊళ్లలో ఉసిళ్లు లేచినట్టు, ఆ నదుల్లో మేఫ్లైలనే పురుగులు తమ నెలలో తమ వేళకు నీళ్లలోంచి గుంపులుగా పైకి లేస్తాయి. ట్రౌట్ ఆ పూట ఏ పురుగును తింటోంది, పిల్లదాన్నా, రెక్కలొచ్చినదాన్నా, చచ్చి తేలుతున్నదాన్నా అని కనిపెట్టి, దానికి సరిపోయే ఫ్లైని, నీటి వేగానికి తగ్గట్టు, లైను లాగకుండా తేలనివ్వాలి. అందుకే పాతవాళ్లు వచ్చీరాగానే నదిలో దిగేవారు కాదు. పావుగంట ఒడ్డున కూర్చుని చూసేవారు.

ఈ పావుగంటే ఇప్పుడు కనుమరుగైంది. కారణాలు చాలానే ఉన్నాయి. 1970లలో గ్రాఫైట్ రాడ్లు వచ్చాక బరువు తగ్గి, నేర్చుకోవడం తేలికైంది. అంతకుముందు ఫైబర్‌గ్లాస్, దానికి ముందు వెదురు. పందొమ్మిదో శతాబ్దపు రాడ్లకు మన కలకత్తా వెదురు వాడేవారు, తర్వాత చైనా టోంకిన్ వెదురు దాన్ని తోసేసింది. 1992లో మోంటానా రాష్ట్రం నేపథ్యంతో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా చూసి జనం రాడ్లు కొన్నారు. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల సినిమా హాళ్లు, జిమ్‌లు మూతబడి, తెరిచి ఉన్నవి నదులే అయ్యాయి.

ఆదరణ ఎలాంటి వింతలు చేస్తుందో చెప్పడానికి చిన్న పిట్టకథ. ఫ్లై కట్టడానికి ముఖ్యమైన సరుకు కోడిపుంజు మెడ ఈక. ఒకప్పుడు అమెరికా దుకాణాల్లో అమ్మిన మెడ ఈకల్లో చాలాభాగం భారతదేశపు పల్లె పుంజులవే. ఇప్పుడు ఈక పొడవుగా, సన్నగా రావడానికి ప్రత్యేకంగా పెంచిన జాతులున్నాయి. 2011లో అమ్మాయిలు జడల్లో ఆ ఈకలు పెట్టుకోవడం ఫ్యాషనైంది. బ్యూటీ పార్లర్లు దుకాణాలు ఊడ్చేసుకుపోతే, ఫ్లైలు కట్టుకునేవాళ్లకు ఈక దొరకలేదు. కట్టి అమ్మే ఫ్లైలేమో కెన్యా, శ్రీలంక, థాయిలాండ్ కార్మికుల చేతుల మీదుగా వస్తున్నాయి.

అసలు విషయానికొస్తాను. సగం రోజు గైడ్‌ను కుదుర్చుకున్న కొత్తవారికి నాలుగు గంటల్లో చేప పడాలి. డబ్బు తీసుకున్న గైడ్ ఏం చేస్తాడు? నీటి మీద తేలే డ్రై ఫ్లై పక్కన పెట్టి, నీటి అడుగున పోయే నింఫ్‌లు రెండు, వాటిపైన ఒక చిన్న సీసం లేని బరువు, ఆపైన రంగు బెండు కడతాడు. అమెరికా వాళ్లు దాన్ని ఇండికేటర్ అంటారు గానీ అది మన బెండే. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది కాబట్టి ఈ పద్ధతికి చేపలు బాగా పడతాయి. పడవలో కూర్చోబెట్టి, లైను ఇరవై అడుగులు కూడా వెయ్యనక్కర్లేకుండా పట్టిస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు. కానీ ఆ నాలుగు గంటలూ కళ్లు బెండు మీదే ఉంటాయి. నీటి రంగు, అడుగున కంకర, పక్కనున్న మనిషి, వేడెక్కుతున్న నది, ఇవేవీ కనబడవు. మరుసటి వారం అదే మనిషి సొంత రాడ్ కొనుక్కుని ఒంటరిగా వచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మాడిసన్ నది మీద జరిగిన పరిశోధన తర్వాత మోంటానా 1974లో ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ట్రౌట్ సొంతంగా పెరగగలిగే నదుల్లో హేచరీల్లో పెంచిన చేపపిల్లలను వదలడం మానేసింది. పెంపుడు పిల్లలను వదిలితే అడవి చేపలు తగ్గుతున్నాయని తేలింది మరి. ఆ నిర్ణయం వల్లే అక్కడి నదులు అడవి ట్రౌట్‌లకు పేరుపొందాయి. దాని అర్థమేమిటంటే, ఒకరి చేతిలో చచ్చిన చేప స్థానంలో ప్రభుత్వం ఇంకోటి తెచ్చి పొయ్యదు. నది తనంతట తాను పుట్టించుకోవాలి.

అందుకే అన్నిటికంటే ముందు కొనాల్సిన వస్తువు థర్మామీటరు. రాడ్ కంటే ముందు. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ హాయి. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు పడుతుంది, 20 డిగ్రీల దగ్గర 9.1 మాత్రమే. కొండల మీద ఇంకా తక్కువ. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అప్పుడు దాన్ని గాలానికి తగిలించి పరుగెత్తిస్తే, అలిసిన ఒళ్లు కోలుకోవడానికి ఊపిరి చాలదు. నీళ్లలో వదిలినప్పుడు తోకాడించి వెళ్లిపోతుంది, మనం సంతోషిస్తాం. అది చచ్చేది కొన్ని గంటల తర్వాత, మన కంటికి కనబడని చోట.

20 డిగ్రీలు, అంటే 68 ఫారన్‌హీట్, చూపించగానే రాడ్ మడిచెయ్యాలి. కొలిచే పద్ధతి కూడా ముఖ్యమే. ఒడ్డు పక్కన పాదం లోతు నిలవ నీళ్లలో ముంచితే ఎక్కువ చూపిస్తుంది. మోకాలి లోతు పారే నీళ్లలో, నీడ పడేలా, థర్మామీటరును రెండు నిమిషాలు ఉంచాలి. పొద్దున ఒకసారి చూసి సరిపెట్టుకోకూడదు. ఎండ తలమీదున్నప్పుడు కాదు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్యలో నది బాగా వేడెక్కుతుంది. చల్లగా ఉండేది సూర్యోదయం వేళకే. ‘ఎండ తగ్గింది కదా, సాయంత్రం వెళదాం’ అనుకోవడం జులై, ఆగస్టుల్లో సరిగ్గా తప్పుడు లెక్క.

మోంటానాలో దీనికి చట్టం ఉంది. నీళ్లు వరుసగా మూడు రోజులు 73 ఫారన్‌హీట్‌కు చేరితే ఆ నదిలో మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేస్తారు. దాన్ని అక్కడ హూట్ ఔల్ నిబంధన అంటారు. కొలరాడోలో చాలాచోట్ల ఇలాంటప్పుడు వన్యప్రాణి శాఖ ‘దయచేసి మధ్యాహ్నం తర్వాత పట్టకండి’ అని అడుగుతుంది. దయచేసి అన్నారు కాబట్టి తప్పనిసరి కాదనుకునేవారు ఎక్కువవుతున్నారు. చట్టం 73 దగ్గర కదులుతుంది, ట్రౌట్ మాత్రం 68 దగ్గరే కష్టపడటం మొదలెడుతుంది. ఆ మధ్య ఐదు డిగ్రీలు మన బుద్ధికి వదిలేసినవి.

వేడి నీళ్లు ఎంత దూరం తీసుకెళ్లగలవో 2016 ఆగస్టులో ఎల్లోస్టోన్ నది చూపించింది. నీళ్లు తగ్గి వేడెక్కిన సమయంలో మూత్రపిండాలను దెబ్బతీసే ఒక పరాన్నజీవి విజృంభించి, వైట్‌ఫిష్ వేలల్లో చచ్చి తేలాయి. మోంటానా రాష్ట్రం 183 మైళ్ల నదిని మూసేసింది. చేపలు పట్టడమే కాదు, పడవ వెయ్యడం, ఈదడం కూడా బంద్.

వేసవిలో తప్పదనుకుంటే ఆనకట్టల దిగువకు వెళ్లవచ్చు. జలాశయం అడుగు నుంచి వదిలే నీళ్లు చల్లగా ఉంటాయి. మోంటానాలో హోల్టర్ డ్యామ్ కింద మిస్సోరి నది, కొలరాడోలో రూడై కింద ఫ్రయింగ్‌పాన్ అలాంటివే. కానీ అందరూ ఇదే చదివి అక్కడికే వస్తారు, కాబట్టి తెల్లవారేసరికి పార్కింగ్ నిండిపోయి ఉంటుంది.

ఇక వదలడం. మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో తేల్చేసింది దీన్నే. కొక్కెం నుంచి మొదలుపెట్టాలి. ఫ్లై కట్టేముందే కొక్కెం మొన వెనక ఉండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కేయాలి. ముల్లు లేని కొక్కెం ఒక మెలికతో ఊడొస్తుంది. లైను వదులు చేయకుండా ఉంటే ముల్లు లేదని చేప తప్పించుకుపోదు. తర్వాత టిప్పెట్. సన్నగా ఉంటే చేపకు కనబడదని కొత్తవారు 6ఎక్స్, 7ఎక్స్ కొంటున్నారు. 5ఎక్స్ అంటే 0.15 మిల్లీమీటర్ల మందం, 4ఎక్స్ అంటే 0.18. దారం సన్నబడితే తెగుతుందన్న భయంతో చేపను మెల్లగా లాగుతారు, అది పది నిమిషాలు పోరాడి ఒడిలిపోతుంది. ప్రవాహం, చేప సైజు ఒప్పుకున్నంత మందం వాడాలి. రాడ్‌ను ఆకాశం వైపు ఎత్తి పట్టుకోకుండా పక్కకు వాల్చి లాగితే చేప దారి తప్పి త్వరగా లొంగుతుంది. అడుగున్నర ట్రౌట్‌కు రెండు నిమిషాలు దాటకూడదన్నది నా లెక్క.

చేతి వల రబ్బరుదై ఉండాలి. ముడులున్న నైలాన్ వల చేప ఒంటి జిగురును గీకేస్తుంది, రెక్కలను చీలుస్తుంది. ఆ జిగురే దానికి రోగాల నుంచి కాపు. పొడి చేత్తో పట్టుకున్నా, చేతికి తొడుగులేసుకుని పట్టుకున్నా అది ఊడిపోతుంది. ఎండకని తొడుగులు వేసుకునేవారు చేపను తాకేముందు తీసెయ్యాలి. చేపను వలలోనే, నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయాలి. లోతుగా మింగితే పీకకుండా టిప్పెట్‌ను దగ్గరగా కత్తిరించాలి. పట్టుకోవాల్సి వస్తే ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకోటి ముందు రెక్కల కింద ఊతగా మాత్రమే పెట్టాలి. గుండె ఉండేది మొప్పలకు సరిగ్గా కిందే. మీ ఫొటోలో కుర్రాడు నొక్కింది ఆ చోటే.

గాలిలో ఎత్తే విషయానికి ఒక పాత ప్రయోగం చెబుతాను. కెనడాలో 1992లో ప్రచురితమైంది. రెయిన్‌బో ట్రౌట్‌లను సుమారు పది నిమిషాలు తరిమి అలసిపోనిచ్చారు. వాటిలో గాలి తగలని చేపలు 12 శాతం చచ్చాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవి 38 శాతం, 60 సెకన్లు ఉంచినవి 72 శాతం చచ్చాయి. ఇది ల్యాబులో, రక్తం తీయడానికి గొట్టాలు అమర్చిన చేపల మీద చేసినది. తర్వాత చల్లని నదుల్లో, తక్కువసేపు లాగిన చేపలను పరిశీలిస్తే ఇంత నష్టం కనబడలేదు. అంచేత ఆ 72ను ప్రతి ఫొటోకూ అంటగట్టడం న్యాయం కాదు. అయినా అలసట, వేడి, గాలి మూడూ కలిసినప్పుడు ఏమవుతుందో ఆ ప్రయోగం చెబుతూనే ఉంది. ఫొటో కావాలంటే ముందు కెమెరా సిద్ధం చేసుకుని, చేపను నీళ్లమీద జానెడు ఎత్తులో, నీళ్లు కారుతుండగా, రెండు మూడు సెకన్లు ఎత్తితే చాలు. నీళ్లు కారడం ఆగిందంటే ఆలస్యమైనట్టే.

వదిలేటప్పుడు చాలామంది చేపను ముందుకూ వెనక్కూ ఊపుతుంటారు. అది పొరపాటు. మొప్పల్లోకి నీళ్లు నోటి వైపు నుంచే వెళ్లాలి, వెనక్కి లాగితే ఊపిరి ఆడదు. మెల్లగా పారే చోట, ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, తనంతట తాను చెయ్యి విదిలించుకునేదాకా పట్టుకుని ఉండాలి.

జనం పెరిగాక ఇంకో దెబ్బ కంటికి ఆనకుండా తగులుతోంది. బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ శరదృతువులో, రెయిన్‌బో, కట్‌త్రోట్‌లు వసంతంలో గుడ్లు పెడతాయి. ఆడ చేప తోకతో కంకరను తవ్వి, గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ కంకరతో కప్పుతుంది. మడుగు ముగిసి నీళ్లు పల్చబడే చోట, చుట్టూ పాచి పట్టిన ముదురు రాళ్ల మధ్య రెండు మూడడుగుల కోలగా, కడిగినట్టు తెల్లగా ఒక మచ్చ కనబడితే అదే గుడ్ల గూడు. దాని మీద కాలు వేస్తే అంతే సంగతులు. మోంటానాలో చేసిన పరిశోధన, అదీ 1992లోనే అచ్చయింది, గుడ్లు పగిలేముందు ఒక్కసారి తొక్కినా 43 శాతం దాకా నాశనమయ్యాయని, రోజుకు రెండుసార్లు తొక్కిన గూళ్లలో కనీసం 83 శాతం పోయాయని తేల్చింది. అక్టోబరులో పెట్టిన గుడ్ల పిల్లలు కంకరలోంచి బయటికి వచ్చేది చలికాలం వెళ్లాకే. కాబట్టి చేపలు కనబడకపోయినా జనవరిలో ఆ మచ్చ మీద నడవకూడదు.

గూటి మీద కాపలా ఉన్న చేపలు లోతు తక్కువ నీళ్లలో కదలకుండా కనబడుతుంటాయి, ఫ్లై వేస్తే కోపంతో కొరుకుతాయి. శరదృతువులో ఫోన్లలో తిరిగే రాగి రంగు పెద్ద బ్రౌన్ ట్రౌట్‌ల ఫొటోల్లో ఇలా పట్టినవి తక్కువేమీ కావు. తెలిసినవాళ్లు ఆ ఫొటోకు మెచ్చుకోరు.

మర్యాద విషయం. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కాబట్టి డ్రై ఫ్లై వేసేవాళ్లు దిగువ నుంచి ఎగువకు నడుస్తారు. వారి ఎగువన ఉన్న నీళ్లు వారివే. కొత్తగా వచ్చినవాళ్లు వారి వెనక, అంటే దిగువన దిగాలి. లేదా ఒడ్డు మీదుగా దూరంగా చుట్టి వెళ్లాలి. పెద్ద నదిలో కనీసం వంద మీటర్లు, చిన్న వాగులో మనిషి కంటికి కనబడనంత దూరం పాటించాలి. సందేహముంటే అడగడానికి మొహమాటం అక్కర్లేదు, ‘ఎటు వెళుతున్నారు?’ అంటే సరిపోతుంది. పడవలో వెళ్లేవారు నదిలో నిలబడ్డ మనిషి వెనక నుంచి, గాలం ఎత్తి పట్టుకుని సాగిపోవాలి. పడవ దించే రేవు దగ్గర రాడ్లు బిగించుకుంటూ పావుగంట కూర్చుంటే వెనక పది బళ్లు ఆగుతాయి, ఆ పని పార్కింగ్‌లో చేసుకు రావాలి.

చిన్న వాగుల పేర్లు ఫొటో కింద రాయకపోవడం కూడా మర్యాదే. మిస్సోరి లాంటి నది పేరు చెబితే నష్టం లేదు. ఒక గెంతులో దాటగలిగే వాగులో కట్‌త్రోట్‌లు కొద్దిగానే ఉంటాయి. ఫోన్ మ్యాపులో ఒక పిన్ను పెడితే రెండు వారాల్లో గట్టంతా కాలిబాటైపోతుంది.

భూమి చట్టం రాష్ట్రానికో తీరు. మోంటానాలో 1985 చట్టం ప్రకారం, ప్రజలకు అనుమతి ఉన్న చోట నదిలో దిగాక, నది మామూలుగా నిండుగా పారినప్పుడు నీళ్లు తాకే గుర్తు లోపల ఎంత దూరమైనా నడవచ్చు, పక్కన ఎవరి పొలమైనా సరే. కొలరాడోలో అలా కాదు. గట్టు ప్రైవేటుదైతే నది అడుగు కూడా వారిదే, కాలు మోపితే అక్రమ ప్రవేశం. డెన్వర్ నుంచి వెళ్లే మనవాళ్లు మోంటానా కబుర్లు విని ఇక్కడ పొరబడుతున్నారు.

బూట్ల గురించి క్లుప్తంగా. జారకుండా ఉంటుందని పాతవాళ్లు ఉన్ని అడుగున్న బూట్లు వాడేవారు. అది ఆరదు, బురదను, క్రిములను ఒక నది నుంచి ఇంకో నదికి మోస్తుంది. ఎల్లోస్టోన్ పార్కులో వాటిని నిషేధించారు. ట్రౌట్ పిల్లల మృదులాస్థిని తినేసి అవి గిరగిరా తిరిగేలా చేసే రోగం 1994లో మాడిసన్‌లో బయటపడేసరికే కొన్ని భాగాల్లో రెయిన్‌బోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. న్యూజిలాండ్ బురద నత్తకైతే జత కూడా అవసరం లేదు, ఒక్కటి వెళితే చాలు. రబ్బరు అడుగు బూట్లు కొని, బురద కడిగి, పూర్తిగా ఆరాకే వేరే నదిలో దిగండి.

ఇంత రాశాక ఆదరణ పెరగడమే చెడ్డదని అనిపిస్తుందేమో. ఒకప్పుడు ఇది డబ్బున్న తెల్ల మగవాళ్ల ఆట, వాళ్ల క్లబ్బులు, వాళ్ల నదులు. అందులోకి ఆడవాళ్లు, నల్లవాళ్లు, మనలాంటి వలస వచ్చినవాళ్లు రావడం ఆలస్యంగానైనా జరిగింది. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న మహిళలకు ఫ్లై వెయ్యడం నేర్పే సంస్థ 1996లో వెర్మాంట్‌లో మొదలైంది, ఆపరేషన్ తర్వాత బిగుసుకుపోయిన భుజానికి ఆ కదలిక మంచిదన్న ఆలోచనతో. మిచిగన్‌లో 1959లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ లాంటి నదుల సంరక్షణ సంస్థలకు బలం సభ్యుల సంఖ్యే. అలాస్కాలో బ్రిస్టల్ బే సాల్మన్ నదుల ఎగువన తలపెట్టిన రాగి, బంగారు గనిని 2023లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ అడ్డుకుందంటే, అక్కడి ఆదివాసులతో, వలల మీద బతికేవారితో పాటు గాలం పట్టేవాళ్లూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశారు. నది చూడనివాడు నది కోసం ఉత్తరం రాయడు.

ఇదంతా అమెరికాకే పరిమితం కాదు. బ్రిటిష్ హయాంలో తెచ్చి వదిలిన బ్రౌన్ ట్రౌట్‌లు కశ్మీర్‌లో, హిమాచల్ తీర్థన్ లోయలో స్థిరపడ్డాయి. మనాలి వెళ్లే తెలుగువారు ఇప్పుడు తీర్థన్‌లోనూ రాడ్ అద్దెకు తీసుకుంటున్నారు. మత్స్యశాఖ పర్మిట్ తీసుకోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుడ్ల కాలమని నది మూసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పైన రాసిన తడి చేతులు, కంకర మచ్చలు అక్కడికీ వర్తిస్తాయి.

వదలడం కూడా ప్రతిచోటా పుణ్యం కాదు. ఎల్లోస్టోన్ సరస్సులో 1994లో బయటపడ్డ లేక్ ట్రౌట్‌లు అక్కడి సొంత కట్‌త్రోట్‌లను తినేశాయి. ఆ సరస్సులో లేక్ ట్రౌట్ పడితే చంపి తీరాలి, నీళ్లలో వదలడమే నేరం. కట్‌త్రోట్ పడితే వదిలి తీరాలి. కాబట్టి అక్కడ గాలం వేసేముందు చేపలను గుర్తుపట్టడం రావాలి. కట్‌త్రోట్‌కు దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది. లేక్ ట్రౌట్‌కు ముదురు ఒంటి మీద లేత మచ్చలుంటాయి, తోక లోతుగా చీలి ఉంటుంది.

చివరగా ఒక సవరణ వెయ్యమని మనవి. మోంటానా లైసెన్సు ఉంటే ఎల్లోస్టోన్ పార్కులోనూ చేపలు పట్టవచ్చని మీ వ్యాసంలో ఉంది. పట్టకూడదు. పార్కుకు విడిగా పర్మిట్ కొనాలి, రాష్ట్ర లైసెన్సు అక్కడ చెల్లదు. పదిహేనేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు పర్మిట్ ఉన్న పెద్దవాళ్ల పర్యవేక్షణలో పట్టుకోవచ్చు, లేదా ఉచిత పర్మిట్ తీసుకోవచ్చు. పార్కులో ముల్లు లేని కొక్కేలే వాడాలి, సీసం గుళ్లు నిషిద్ధం. పార్కు గేటు దాటి మోంటానాలోకి వస్తే అక్కడ కన్సర్వేషన్ లైసెన్సు, బయటి నుంచి చొరబడే జలజీవుల నివారణ పాస్, ఫిషింగ్ లైసెన్సు మూడూ కావాలి. వ్యోమింగ్ వైపు వెళితే ఆ రాష్ట్రానిది వేరు.

ఇట్లు,
మీ పాఠకులు,
డెన్వర్, కొలరాడో